కొండ కింద కాపురం: ఇంట్లో భక్తి నిలబడాలంటే ఏం చేయాలి

తిరుపతిలో ఉంటున్నామని చెప్పగానే బంధువులు అనే మొదటి మాట "మీకేమమ్మా, రోజూ సామి దర్శనం". నవ్వి ఊరుకుంటాను. మూడేళ్ళ కిందట ఒకసారి లెక్కేసుకుంటే మేం నలుగురం కలిసి కొండెక్కి పద్నాలుగు నెలలైంది. మధ్యలో మా ఆయన ఆరుసార్లు వెళ్ళారు గానీ అవన్నీ ఊరి నుంచి వచ్చినవాళ్ళకు రూములు చూపించడానికీ, లడ్డూలు మోసుకురావడానికీ. బాల్కనీలో నిలబడితే శేషాచలం కొండలు కనిపిస్తాయి. ఇంట్లో మాత్రం దేవుడు ఫ్రిజ్ పక్కన వేలాడే క్యాలెండర్‌లో ఉండేవాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఫోన్‌లో సుప్రభాతం పెట్టాను. రెండు శ్లోకాలు అయ్యాయో లేదో గోల్డ్ లోన్ యాడ్ వచ్చింది. దాన్ని ఆపడానికి ఎవరి చేయీ ఖాళీగా లేదు. నేను దోసె తిప్పుతున్నాను, ఆయన గడ్డం గీసుకుంటున్నారు, పిలకాయలిద్దరూ వాళ్ళ ఫోన్లలో ఉన్నారు. యాడ్ మొత్తం విన్నాం. మా అత్తమ్మ పూజ గది గుమ్మంలో కూర్చుని, "ఆయనకు కుబేరుడి అప్పే ఇంకా తీరలేదు, మళ్ళీ ఇంకో అప్పా?" అంది. అందరం నవ్వాం. నవ్వాక నాకు కొంచెం సిగ్గేసింది.

ఈ మూడేళ్ళలో మేం పడుతూ లేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. మాది వేంకటేశ్వరుణ్ణి కొలిచే ఇల్లు కాబట్టి ఉదాహరణలన్నీ అవే. మీ ఇంట్లో శివుడో గంగమ్మో ఉంటే పేర్లు మార్చుకోండి, పని ఒకటే. ఇంటికి పద్ధతంటూ ఏదో ఒకటి ఎలాగూ పడుతుంది. మనం పెట్టకపోతే ఫోనూ, కాలేజీ, పక్క ఫ్లాట్ వాళ్ళూ కలిసి పెట్టేస్తారు.

1. ముందు వారం రోజులు ఏమీ మార్చకండి

మార్చాలనిపించగానే నేరుగా పూజతో మొదలుపెడతాం. అది పొరపాటు. ముందు ఒక పాత నోట్‌బుక్ తీసుకుని ఏడు రోజులు ఇంటిని ఊరికే గమనించండి. ఎవరికీ చెప్పొద్దు, చెబితే అందరూ బుద్ధిగా నటిస్తారు. రాయాల్సినవి నాలుగే: పొద్దున లేవగానే ఎవరి చేతిలోకి ఏం వచ్చింది, అన్నం దగ్గర ఏ మాటలు నడిచాయి, డబ్బు దేనికి తీశాం, ఎవరిని మెచ్చుకున్నాం.

చివరిదే అసలైనది. మనం ఎవరిని మెచ్చుకుంటామో పిల్లలు వాళ్ళనే గొప్పవాళ్ళనుకుంటారు. మా నోట్‌బుక్‌లో ఆ వారం మెచ్చుకోలు అందుకున్నవాళ్ళు: రేణిగుంట రోడ్డులో రెండో ఫ్లాట్ కొన్న మా ఆయన స్నేహితుడు, డల్లాస్ వెళ్ళిన మా చిన్నాన్న మనవడు, మంచి ర్యాంకు వచ్చిన ఎదురింటి అమ్మాయి. ముగ్గురూ మంచివాళ్ళే, కాదనను. కానీ మంచితనానికి మెచ్చుకున్న మనిషి ఏడు రోజుల్లో ఒక్కరూ లేరు. దేవుడి పేరు కూడా ఆ వారం చాలాసార్లే వచ్చింది, ఎక్కువగా "దేవుడా, ఏంది ఈ ట్రాఫిక్కు" అనే వాక్యంలో.

2. మీ ఇల్లు ఎలా ఉండాలో ఒక పేజీలో రాయండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళనూ కూర్చోబెట్టండి. "భక్తిగా ఉండాలి", "విలువలతో బతకాలి" లాంటి మాటలు రాయకండి, అవి గోడకు బాగుంటాయి. బయటి మనిషి వారం రోజులు మీ ఇంట్లో ఉంటే కళ్ళతో చూడగలిగేవి రాయండి. మా మొదటి పేజీలో ఐదు లైన్లు:

సాయంత్రం దీపం దగ్గర అందరం కాసేపు కూర్చుంటాం. అన్నం ముందు ఫోన్ ఉండదు. ఇంటికి వచ్చినవాళ్ళను ఏదో ఒకటి తినకుండా పంపం. అబద్ధం చెప్పి సెలవు పెట్టం. నెల మొదట్లోనే కొంత డబ్బు పక్కన తీస్తాం, అది మనది కాదు.

రాసేటప్పుడు గొడవ వస్తుంది, రానివ్వండి. మా ఆయన పూజల మనిషి కాదు. "నేను గంట కొట్టను, హారతి పట్టను. ఎవరికైనా అవసరమైతే అర్ధరాత్రి రుయా ఆసుపత్రికి తీసుకెళ్తాను, నా పూజ అదే" అన్నారు. పెళ్ళయిన కొత్తలో అయితే మూడు రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఈసారి అత్తమ్మ సర్దింది: "వాడు కూర్చుంటే చాలు, నోరు తెరవక్కర్లేదు". ఇప్పటికీ ఆయన తెరవరు, కానీ కూర్చుంటారు. ఒక్కరికే పట్టుదల ఉండి రెండోవాళ్ళు పక్క గదిలో టీవీ చూస్తుంటే పిల్లలు తేలికైన వైపుకే వెళ్తారు. అందుకని ఇద్దరూ ఒప్పుకున్నంత వరకే రాయండి, అది రెండు లైన్లయినా సరే.

3. రోజుకు ఒక్కటే పని, పది నిమిషాలే

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. పేజీ రాసిన ఉత్సాహంలో నేను ఇంకో పట్టిక తయారుచేశాను. నాలుగున్నరకు లేవడం, సుప్రభాతం, విష్ణు సహస్రనామం, సాయంత్రం గోవింద నామాలు, శనివారం ఒంటిపూట భోజనం. పదకొండు రోజులు నడిచింది. పదకొండో రోజు మా అబ్బాయి పూజ గదిలో పీటకు తలానించి నిద్రపోయాడు. మా అమ్మాయి వాడి ముక్కులో వత్తి పెట్టబోయింది. నేను, "నోరు మూసుకుని గోవింద నామాలు చదువు!" అని అరిచాను. నోరు మూసుకుని ఎలా చదవాలమ్మా అని అది అడిగింది. ఆ పట్టిక అక్కడితో సరి.

తర్వాత పెట్టుకున్నది సంధ్యా దీపం ఒక్కటే. అది నిలబడింది. ఎలా చేయాలో వివరంగా చెబుతాను.

టైమ్‌కు ముడిపెట్టకండి, ఒక పనికి ముడిపెట్టండి. "ఏడు గంటలకు" అంటే ట్యూషన్ ఆలస్యమైన రోజు పోతుంది. "అందరూ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక" అంటే ఏడుకైనా తొమ్మిదికైనా జరుగుతుంది. దీపం వెలిగించే పని పిల్లలకు ఇవ్వండి, వారానికొకరు. నూనె పోయడం, పాత వత్తి తీయడం, కుంది తుడవడం అన్నీ వాళ్ళే చేయాలి. నూనె ఒలికితే ఒలకనీండి. ఫోన్లన్నీ ఒక స్టీల్ డబ్బాలో వేసి మూతపెట్టండి. మాది మురుకుల డబ్బా. ముందు పెద్దవాళ్ళ ఫోన్లు వేయాలి. మా ఆయన ఫోన్ మోగితే డబ్బా మొత్తం గిలగిలలాడుతుంది, మొదటి నెల ఆ నవ్వుకే అందరూ వచ్చి కూర్చునేవాళ్ళు.

ఏం చదవాలి? ఒక్కటి ఎంచుకుని నెమ్మదిగా వెళ్ళండి. మేం సుప్రభాతం తీసుకున్నాం, సాయంత్రం పూట సుప్రభాతమేంటని అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. నేర్చుకోవడానికే గానీ సామిని లేపడానికి కాదని నచ్చజెప్పాను. అందులో సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, మొత్తం 70. వారానికి ఒక శ్లోకం చొప్పున మొదటి భాగానికే ఆరు నెలలు దాటుతుంది. తొందరేం లేదు. చదవడం రెండు నిమిషాలు, అర్థం మూడు నిమిషాలు, మిగతా ఐదు నిమిషాలు ఆ రోజు ఎవరికి ఏం జరిగిందో మాట్లాడుకోవడం.

అర్థం చెప్పడం మానొద్దు, పిల్లలు ఆగేది అక్కడే. మొదటి శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది. యాగరక్షణకు తీసుకెళ్తూ విశ్వామిత్రుడు, గడ్డి పరుపు మీద పడుకున్న రాముణ్ణి లేపుతున్నాడు. తిరుమలలో సామిని మేల్కొలిపే మాట, నిజానికి ఒక కుర్రవాణ్ణి నిద్ర లేపిన మాట. ఇది చెప్పగానే మా అబ్బాయి, "రాముణ్ణి కూడా లేపాల్సొచ్చిందా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి పొద్దున వాణ్ణి లేపడం నాకు కొంచెం సులువైంది, కొంచెమే.

ఒక రోజు తప్పితే? తప్పింది, అంతే. మర్నాడు రెట్టింపు చేయించకండి, అది శిక్ష అవుతుంది. రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద గుడిలోనే ఒక అరలో దాస్తే, కొన్ని వందల ఏళ్ళు వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. 20వ శతాబ్దంలో బయటికొచ్చి ఇప్పుడు ఊరంతా పాడుతోంది. మనకు పోయింది ఒక మంగళవారమే.

4. సంవత్సరానికి మన నేల మీదున్నవి వాడుకోండి

చిత్తూరు, తిరుపతి వైపు పుట్టినవాళ్ళకు పండగల కరువు లేదు. అన్నీ చేయబోతే మాత్రం ఆడవాళ్ళ నడుములు విరుగుతాయి. మూడు ఎంచుకోండి, వాటిని పిల్లలు చేత్తో చేసేలా చూడండి.

మేం మొదట పట్టుకున్నది పెరటాసి శనివారాలు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వచ్చే ఆ శనివారాల్లో నామం పెట్టుకుని, చెంబుకు కూడా నామం పెట్టి తులసి కట్టి, "గోవిందా" అంటూ ఇంటింటికీ వెళ్ళి బియ్యం అడగడం, వాటితో వండి సామి ముందు నైవేద్యంగా తళిగ వేయడం మా పల్లెలో నా చిన్నప్పుడు మామూలే. తిరుపతి అపార్ట్‌మెంట్‌లోకి వచ్చాక మానేశాం, సిగ్గుతో. రెండేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాం.

మా అబ్బాయి అప్పుడు పదో తరగతి. నుదుట నామం, చేతిలో చెంబు, కళ్ళు నేల మీద. కింద సెక్యూరిటీ ఆయన "డొనేషనా బాబూ?" అని అడిగాడు. రెండో అంతస్తులో ఒకావిడ తలుపు సగమే తీసి, "యూపీఐ ఉందా?" అంది. నాలుగో అంతస్తులో వీడి క్లాస్‌మేట్ తలుపు తీశాడు. వీడు వెనక్కి తిరగబోయాడు గానీ ఆ అబ్బాయే "ఉండరా" అని లోపలికెళ్ళి గ్లాసు నిండా బియ్యం తెచ్చాడు. చివర్లో వాచ్‌మన్ గది దగ్గర మేం ఆగలేదు, వాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకని. వాచ్‌మన్ భార్యే పిలిచి రెండు దోసిళ్ళు పోసింది, చెంబు నిండి కింద ఒలికాయి. ఒలికిన గింజలను వీడు ఒక్కొక్కటే ఏరాడు. ఆ బియ్యంతో చక్కెర పొంగలి, పులిహోర చేసి, పిండి దీపం పెట్టి, సాయంత్రం తళిగ వేశాం. బియ్యం వేసిన ప్రతి గడపకూ వాడే ప్రసాదం తీసుకెళ్ళాడు, ముందు వాచ్‌మన్ గదికి. వినయం గురించి నేను అంతకుముందు పదేళ్ళు చెప్పిన మాటలేవీ వాడికి గుర్తు లేవు. ఆ రెండు దోసిళ్ళు గుర్తున్నాయి.

రెండోది ధనుర్మాసం. తిరుమలలో ఆ నెలంతా సుప్రభాతానికి బదులు ఆండాళ్ అరవంలో పాడిన తిరుప్పావై వినిపిస్తారు. పాశురాలు 30, రోజుకొకటి, నెలకు సరిపోతుంది. అత్తమ్మకు అరవం వచ్చు కాబట్టి మా ఇంట్లో అది ఆమె రాజ్యం.

మూడోది మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. గంగమ్మ సామికి చెల్లెలని ఇక్కడివాళ్ళ నమ్మకం. కొండ మీద నుంచి పుట్టింటి సారె వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఊరు ఊరంతా వేషాలు కడుతుంది. చదువుకున్నవాళ్ళం కదాని కొందరు దీన్ని మొరటుగా చూస్తారు. నాకది నచ్చదు. బొగ్గు పూసుకుని వేపమండలు పట్టుకుని వీధిలో నడిచిన పిల్లకు నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు చాలావరకు అక్కడే వదులుతుంది.

ఇక కొండ ఎక్కడం. ఏడాదికి ఒక్కసారైనా నలుగురూ నడిచి వెళ్ళండి. అలిపిరి దారి సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. మోకాళ్ళ పర్వతం దగ్గర ఇంటి పెద్ద కూడా రొప్పుతూ కూలబడతాడు, పిల్లలు చేయిచ్చి లేపుతారు. సిఫార్సు లెటర్ దర్శనంలో అది దొరకదు. చిరుతలు తిరిగే అడవి కాబట్టి పిల్లలతో ఏ టైమ్‌లో నడవనిస్తున్నారో ముందురోజే కనుక్కోండి.

5. డబ్బు, ఫంక్షన్లు, మొక్కులు

అసలు ఒత్తిడి వచ్చేది ఇక్కడే. నెల జీతం పడగానే, ఈఎంఐ కంటే ముందు, కొంత తీసి పసుపు గుడ్డలో ముడుపు కట్టండి. ఎంతన్నది మీ ఇష్టం, మేం ఐదు వందలతో మొదలుపెట్టాం. దాన్ని హుండీలో వేయాలా, ఎవరి ఫీజుకైనా ఇవ్వాలా, అన్నదానానికి పంపాలా అన్నది మూడు నెలలకోసారి పిల్లలే చెప్పాలి. మొదటిసారి మా అమ్మాయి సగం వీధి కుక్కలకంది. ఇచ్చాం.

ఫంక్షన్ల మాట. మా అమ్మాయికి హాఫ్ శారీ ఫంక్షన్ చేయాలని చుట్టాలంతా పట్టుబట్టారు. మా దగ్గరి బంధువుల ఇంట్లో డ్రోన్ కెమెరాతో, అమ్మాయిని పల్లకీలో తెచ్చి మరీ చేశారు. అలా చేయాలంటే మాకు అప్పు తప్పదు. మేం ఇంట్లోనే నలభై మందికి అరిటాకులో భోజనం పెట్టి, ఓణీ వేసి, తిరుచానూరు తీసుకెళ్ళి అమ్మవారికి దండం పెట్టించి తెచ్చాం. ఒకావిడ భోజనం చేస్తూనే "ఉన్న ఒక్క ఆడపిల్లకు ఇంతేనా" అంది. అత్తమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఆ రాత్రి నిద్రపట్టలేదు. పద్ధతి ప్రకారం బతికితే మనసు హాయిగా ఉంటుందని చెప్పేవాళ్ళు ఈ రాత్రుల సంగతి చెప్పరు.

ఇలాంటప్పుడు చెప్పే జవాబు ముందే సిద్ధం చేసుకోండి, ఇద్దరూ అదే మాట చెప్పండి. మాది: "మా ఇంట్లో ఇంతే చేసుకుంటాం అత్తా, మీరొచ్చారు, అదే చాలు". కారణాలు చెప్పకండి. కారణం చెబితే దానికి విరుగుడు చెబుతారు.

మా అమ్మాయికి అప్పుడే తరిగొండ వెంగమాంబ కథ చెప్పాను. చిన్న వయసులోనే భర్త పోతే, ఆచారం పేరుతో తల గొరిగించుకోమన్నవాళ్ళకు ఆమె లొంగలేదంటారు. తర్వాత కొండ చేరింది. తిరుమలలో రాత్రి సామిని పవళింపజేసే ఏకాంత సేవ వేళ ఇప్పటికీ ఇచ్చేది ఆమె పేరిట ముత్యాల హారతి, లక్షల మంది అన్నం తినే భవనానికి ఉన్నది ఆమె పేరు. ఆమెను సాధించిన చుట్టాల పేర్లు ఎవరికీ తెలియవని మా అమ్మాయే అంది.

మొక్కుల విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. పిల్లల ర్యాంకు కోసం వాళ్ళ ఎదుట మొక్కుకోకండి. "ఫలానా ర్యాంకొస్తే తలనీలాలిస్తా సామీ" అంటే, రాకపోయినప్పుడు సామికి కూడా బాకీ పడ్డానని పిల్లవాడు అనుకుంటాడు. అమ్మానాన్నల టెన్షన్ చాలదా వాడికి. మొక్కుకోవాలంటే మీ కోపం తగ్గాలని మొక్కుకోండి.

6. చదువులు, ఫోన్లు

మా అబ్బాయి కాలేజీలో ఆదివారం కూడా పరీక్షే. మేం గొడవపడలేదు, ఓడిపోతామని తెలుసు. దీపాన్ని మాత్రం వదల్లేదు. పరీక్షల రోజుల్లో పది నిమిషాలు కాస్తా రెండవుతుంది, అంతే. పరీక్షలని మానేస్తే, పరీక్ష దేవుడికంటే పెద్దదని మనమే చెప్పినట్టు.

ఫోన్‌కు రూల్ ఒకటే: పెద్దవాళ్ళు పాటించనిది పిల్లలకు పెట్టొద్దు. మా ఆయన రాత్రి పదకొండింటికి రీల్స్ చూస్తూ దొరికిపోయారు. జరిమానా, మర్నాడు నలుగురికీ కాఫీ.

7. "నాకు నమ్మకం లేదు" అంటే

అంటారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మా వాడు అన్నాడు: "ఇన్ని కోట్ల మంది అడిగితే ఆయన ఎవరిది వింటాడు?" నాకు జవాబు రాలేదు, అదే చెప్పాను. కోప్పడితే వాడు నమ్మడం మొదలుపెట్టడు, అడగడం మానేస్తాడు. "నమ్మకపోయినా సరే, మాతో కూర్చో" అన్నాం. నాన్న కూడా నోరు తెరవకుండా కూర్చుంటారు కాబట్టి వాడికి తోడు దొరికింది.

ఇంకోటి. మన దేవుడి మీద ప్రేమ పక్కవాడి దేవుడి మీద చులకనగా మారకుండా చూసుకోవాలి, ఈ మధ్య అది ఎక్కువైంది. మా అమ్మాయి ముస్లిం స్నేహితురాలు మా ఇంట్లో ప్రసాదం తినొచ్చా అని మొహమాటపడితే, అత్తమ్మే సామిని పెళ్ళాడిన ముస్లిం అమ్మాయిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ కథ చెప్పింది. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి, సామి మా అల్లుడని పూజలు చేయించుకుంటారని చెప్పింది. ఆ పిల్ల పులిహోర రెండోసారి వేయించుకుంది.

8. ఉగాదికి ఆ పేజీ మళ్ళీ తీయండి

ఏడాదికోసారి, పచ్చడి తిన్నాక, మేం పంచాంగం కంటే ముందు ఆ పేజీ చదువుతాం. చేయలేకపోయినవి కొట్టేస్తాం, కొత్తవి రాస్తాం. కలం పిల్లల చేతికే ఇస్తాం. "అబద్ధం చెప్పి సెలవు పెట్టం" పక్కన మా ఆయన పేరు మీద ఒక చుక్క పడింది, ఎందుకో ఇక్కడ రాయను. కింద మా అమ్మాయి తన గుండ్రటి అక్షరాలతో ఆరో లైను చేర్చింది: "దేవుడి దగ్గర అమ్మ అరవకూడదు."

రెండు ఉగాదులైంది. దాన్ని కొట్టేద్దామా అని నేను అడుగుతాను. ఇంకా లేదులే అంటారు అందరూ.